వేళ్ళకు అంటని పెట్రోలు

మా తోడల్లుడి చేతిలో ఏ పెట్రోలు రంపమైనా మొదటి లాగుడుకే పలుకుతుంది. నాది అలా కాదు. తాడు లాగి లాగి, దాని పుట్టుకనీ దాన్ని కనిపెట్టినవాడి పుట్టుకనీ తిట్టి, భుజం పట్టేశాక గానీ దగ్గదు. అప్పటికి వాడు ఒక కొమ్మ కోసేసి రెండోదాని మీద ఉంటాడు. ఉన్నవాడు ఊరుకోవచ్చు కదా? తల తిప్పి, నవ్వుమొహంతో, "అన్నయ్యా, చోకు తీసెయ్. పెట్రోలు ఎక్కువ తాగేసింది" అంటాడు.

నేను వినబడనట్టు ఇంకోసారి లాగుతాను.

మేము చెట్లు కొట్టేవాళ్ళం. గోడల మీదికి వాలినవి, కరెంటు తీగలకు తగిలేవి, నిలువునా ఎండిపోయి ఎప్పుడు ఎవరి నెత్తిన పడతాయో తెలియనివి. మా మామ ముఠాకి మేస్త్రీ. ఆయనకి కొడుకుల్లేరు, ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయిని నేను చేసుకున్నాను, ఆమెతోపాటు రంపాన్నీ చేసుకున్నాను. అంతకుముందు నేను చేసిన ఘనకార్యమల్లా బడి మానెయ్యడమే. బడికి నేను దణ్ణం పెట్టానో, బడే నాకు పెట్టిందో ఇప్పుడు గుర్తులేదు. చిన్నమ్మాయి మొగుడు స్కూటర్ల షోరూములో పనిచేసేవాడు. అది మూతపడ్డాక మా ముఠాలో చేరాడు. రోజంతా రంపప్పొట్టులో దొర్లినా సాయంత్రానికి అప్పుడే స్నానం చేసొచ్చినట్టు ఉంటాడు. సబ్బుబిళ్ళ అని పేరు పెట్టింది నేనే. తిట్టుగా పెట్టాను. అత్తవారింట్లో అది ముద్దుపేరయి కూర్చుంది. నా రాత అలాంటిది.

మామకి ఒక పెద్ద రంపం ఉంది. నా కాలంత పొడుగు ఉక్కు బారు, దాని చుట్టూ చెయిను. ఎంత లావు మానైనా దానికి వెన్నపూస. దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఈమధ్య ఒకరోజు అందరం భోజనాల దగ్గర ఉండగా, "ఈ గోదాము పని అయిపోయాక నేనింక కూర్చుంటాను. పెద్ద రంపం ఎవరి చేతికిస్తే ముఠా వాడిది" అని ప్రకటించాడు. పేరు చెప్పలేదు. చెప్పకుండా సబ్బుబిళ్ళ వైపు చూశాడు. నా వైపు కూడా చూశాడని మా ఆవిడ అంటుంది. నేను చూడలేదు. ఆ రోజు నుంచి నాకు తిన్నది ఒంటబట్టలేదు.

ఈ రంపాల ఇంజనులో నూనె పోయడానికి వేరే చోటు ఉండదు. పెట్రోల్లోనే టూటీ ఆయిల్ కలిపి పోయాలి. నూనె ఎక్కువైతే పొగ, మసి. అసలు నూనె లేకుండా ఉత్త పెట్రోలు పోస్తే లోపల పిస్టన్ ఎండిపోయి, గీరుకుపోయి, కాసేపట్లో పట్టేస్తుంది. అందుకని పొద్దున్నే పెట్రోలు కలపడమంటే మా దగ్గర చిన్న పని కాదు. అది మేస్త్రీ చెయ్యాల్సిందే. మామ ఎర్రనూనె వాడేవాడు. లీటరుకి నాలుగు మూతలు. తెల్ల క్యానులో కలిపి, ఊపి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని, దానిమ్మరసం రంగు వచ్చిందో లేదో చూసేవాడు.

"ఇదీ రంగు, పెద్దల్లుడూ. అనుమానం వచ్చిందా, కంటిని నమ్మకు. వేళ్ళని నమ్ము" అని నా కొత్తల్లో నేర్పాడు.

వేళ్ళని నమ్మడమంటే, ఒక చుక్క తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దడం. నూనె కలిపిన పెట్రోలైతే ఆరిపోయాక కూడా జిడ్డు మిగులుతుంది. ఉత్తదైతే చల్లగా తగిలి, ఇంట్లో నా మాటలాగా, ఏమీ మిగల్చకుండా గాలికి పోతుంది.

కొమ్మలు నలిపే మిషను ఒకటుంది మాకు. దాని నూనె దాని కడుపులోనే వేరేగా ఉంటుంది, కాబట్టి దానికి ఉత్త పెట్రోలే పోయాలి. అందుకని ఇంకో క్యాను. రెండూ ఒకే కొట్లో కొన్న ఒకే రకం తెల్ల క్యానులు. ఎర్రగా కనబడేది రంపాలకి, కనబడనిది మిషనుకి. పొరపాటు పడదామన్నా కుదిరేది కాదు.

అలాంటి చోటికి సబ్బుబిళ్ళ ఒక సీసా పట్టుకొచ్చాడు. లోపల నూనె నీలంగా ఉంది.

"మామయ్యా, ఇది మంచి రకం. లీటరుకి రెండు మూతలు చాలు. పొగ రాదు. సీసా మీదే రాశారు."

"రాతలకేం? లారీ కింద పడ్డవాడి జాతకంలో కూడా నూరేళ్ళని రాసే ఉంటుంది" అన్నాను.

"సీసా వాళ్ళే కాదన్నయ్యా, రంపం తయారుచేసినవాళ్ళు కూడా అంతే చెప్పారు. యాభై పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు నూనె."

"నూనె తగ్గిస్తే ఇంజను పట్టేస్తుంది. ఎక్కువైతే వచ్చేది పొగే కదా. పొగకి భయపడితే పొయ్యి వెలిగిస్తామా?"

"ఎక్కువైనా చెరుపే. నీ రంపం సైలెన్సరు ఎన్నిసార్లు విప్పి మసి గీకావు చెప్పు?"

"గీక్కునేది నేను. మధ్యలో నీకొచ్చిన నొప్పేంటి, తమ్ముడూ?"

మామ నవ్వి, సీసా తీసుకుని, మూత విప్పి వాసన చూశాడు. "చిన్నల్లుడు చదివి చెప్తున్నాడు. చూద్దాం, పోయేదేముంది" అన్నాడు.

పాతిక మాటలు చెప్పినా వినని మనిషి, వాడు ఒక్క సీసా చూపిస్తే వినేశాడు. కొత్తొక వింత, పాతొక రోత. నూనెకే కాదు, అల్లుళ్ళకీ అంతే.

ఇందులో అన్నిటికన్నా బాధ ఏమిటంటే, ఆ నీలినూనె నిజంగానే బాగుంది. పొగ తగ్గింది. కళ్ళ మంట తగ్గింది. సాయంత్రాలు నాకొచ్చే దగ్గు కూడా తగ్గింది. తగ్గినకొద్దీ లోపలి మంట పెరిగింది. నా దగ్గు తగ్గించడానికి వాడెవడు?

ఒక సాయంత్రం మా ఆవిడతో అన్నాను. "మీ చెల్లెలి మొగుడు ఇవాళ పెద్ద రంపం పట్టుకున్నాడు."

"పట్టుకుంటే అరిగిపోయిందా?"

"మీ నాన్నే ఇచ్చాడు. చెయిను బిగించి చూడమని."

"మీరు మీ తోడల్లుణ్ణి చూసినంతసేపు నన్ను చూసుంటే, నేను చెవిపోగులు మార్చిన సంగతి తెలిసేది."

గబగబా చూశాను. "మార్చలేదు కదా?"

"మార్చలేదు. కానీ చూశారు కదా, అదే చాలు" అని నవ్వి, బట్టలు మడతపెడుతూ గొంతు తగ్గించింది. "నాన్న చూపు మందగించిందండీ. నిన్న ఈ నీలం దుప్పటి ఆరేస్తుంటే, 'ఈ బూడిదరంగుది ఎప్పుడు కొన్నావే' అన్నారు. శుక్లమేమో, డాక్టరుకి చూపిద్దామంటే ఇంతెత్తున లేచారు."

అప్పుడు నాకు ఒక్కొక్కటే వెలిగింది. మామ ఈమధ్య చెయిను పళ్ళని కళ్ళతో కాకుండా బొటనవేలితో చూస్తున్నాడు. నీలినూనె కలిపిన క్యాను వెలుతురుకి ఎత్తిపట్టి, చాలాసేపు చూసి, "బాగా కలిసింది" అంటున్నాడు. ఎర్రనూనె నాలుగు మూతలకి కనబడేదేమో గానీ, నీలినూనె రెండు మూతలకి ఆయన కంటికి ఏమీ కనబడటం లేదు. మరి చెప్పడు. మేస్త్రీకి రంగు కనబడదంటే ఇంకేముంది?

నేనూ ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే మామ పెట్రోలు కలిపి అటు తిరగ్గానే, ఇటు నేను క్యానులో వేలు ముంచి రుద్ది చూసేవాణ్ణి. ఒకసారి నూనె పోయడమే మర్చిపోయాడు. రెండు మూతల లెక్కన పోసి, ఊపి, నోరు మూసుకున్నాను. సబ్బుబిళ్ళ అయితే ఇదే పని అందరికీ తెలిసేలా, తెలియనివ్వనట్టు చేసేవాడు. నా మంచితనం ఎప్పుడూ ఇంతే. గోడకి అటువైపు వేసిన సున్నం.

గోదాము వెనక ఆఖరి చెట్టు మిగిలింది. ఆ ఆవరణ మొత్తానికి అదే పెద్దది. కాండం మీద బోలుగా మోగే చోట్లు ఉన్నాయి, వాలు సరిగ్గా గోదాము గోడ మీదికే. దాన్ని ఎవరు కోస్తారన్నది నాకు ముందురోజు సాయంత్రమే తెలిసిపోయింది. మామ సబ్బుబిళ్ళ భుజం మీద చెయ్యేసి, చెట్టు చుట్టూ తిప్పుతూ, ఎక్కడ గాటు పెట్టాలో, ఎక్కడ ఆపాలో చెప్పాడు. నన్ను మాత్రం, "పెద్దల్లుడూ, నువ్వు తాడు చూసుకో" అన్నాడు.

తాడు. ఇన్నేళ్ళు ఆయన వెనకాల మోసినందుకు, తాడు.

అందుకని మర్నాడు పొద్దున నేను క్యానుల దగ్గరికి పోలేదు. ముఠా ఎవడిదో క్యాను కూడా వాడే చూసుకుంటాడనుకుని, దూరంగా కూర్చుని తాడు ముడులు విప్పుతూ, మళ్ళీ వేస్తూ ఉన్నాను. మామ నూనె పోశాడు, క్యాను ఊపాడు, ఎత్తి చూశాడు. అంతా ఎప్పటిలాగే ఉంది. పెద్ద రంపం నింపి సబ్బుబిళ్ళకి అందించాడు. నా రంపంలో ముందురోజుది ఇంకా ఉంది కాబట్టి నేను లేవాల్సిన పని లేకపోయింది.

పెద్ద రంపం మొదటి లాగుడుకే పలికింది. పలకదా మరి!

చెట్టు గోడ మీదికి పోకుండా తాడు బిగించి నిలబడ్డాను. వాడు ముందు గాటు పెట్టి, వెనక కోత మొదలుపెట్టాడు. చూడ్డానికి చక్కగా కోస్తున్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి, ఒప్పుకోవడం నాకిష్టం లేదు. రంపం మాత్రం ఏదో తేడాగా అరుస్తోంది. గొంతు సన్నబడింది. పొగ ఒక్క వెంట్రుకవాసి కూడా లేదు. వాడూ పసిగట్టి తల పక్కకి వంచాడు. అంతలోనే కీచుమని అరిచి, ఉన్నట్టుండి ఆగిపోయింది. రంపం తాడు లాగితే రాలేదు. ఇంజను పట్టేసింది.

చెట్టు సగం కోతలో ఉంది. గాలొస్తే గోడ మీదికే. గోదాము మేనేజరు టీ గ్లాసుతో చూస్తున్నవాడల్లా నాలుగడుగులు వెనక్కి వేశాడు. నేను తాడు ఎదురుగా ఉన్న పాత మొద్దుకి చుట్టి కట్టేసి, కోతలో చెక్క చీలలు కొట్టి పెద్ద రంపం బయటికి లాగించి, నా రంపంతో మిగతా కోత పూర్తి చేశాను. ఆ రోజు నాది కూడా రెండో లాగుడుకే పలికింది. దానికీ నాకున్నంత సంతోషం ఉన్నట్టుంది. చెట్టు మేమనుకున్న చోటే పడింది.

దుమ్ము అణిగాక మామ విరుచుకుపడ్డాడు. నా మీద కాదు.

"నీలినూనె! రెండు మూతలు! చెప్పాడయ్యా పెద్దల్లుడు, నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు, నూనె తగ్గిస్తే ఇంజను చస్తుందని. విన్నానా? నీ చదువు చూసి మురిసిపోయి, నా ప్రాణంలాంటి రంపాన్ని నా చేతులతో చంపుకున్నాను!"

సబ్బుబిళ్ళ మొహంలో మొదటిసారి మురికి కనబడింది.

"ఇంక మాట లేదు. దీన్ని బాగు చేయించాక పెద్దల్లుడే పట్టుకుంటాడు. ముఠా పెద్దల్లుడిది" అన్నాడు మామ.

కాగల కార్యం గంధర్వులే తీర్చారు. ఇన్నాళ్ళూ ఆ మాట వినాలని చచ్చాను. విన్నాక మొహం ఎలా పెట్టాలో తెలియక, రంపం ముందేసుకుని సైలెన్సరు విప్పాను. లోపల పిస్టన్ కనబడింది. దాని నిండా నిలువు గీతలు, గోళ్ళతో రక్కినట్టు. అక్కడిదాకా అనుకున్నదే. కానీ పిస్టన్ మరీ పొడిగా ఉంది. నూనె తక్కువైతే తక్కువ జిడ్డు ఉండాలి. ఇక్కడ అసలు తడే లేదు. ట్యాంకు మూత తీసి వేలు ముంచాను. చల్లగా తగిలింది. రుద్దాను. ఏమీ మిగల్లేదు.

క్యానుల వైపు చూశాను. కలిపిన క్యాను నిండుగా, నీలంగా, పొద్దున్నించీ ఎవరూ ముట్టుకోనట్టు ఉంది. మిషనుకి పెట్టిన ఉత్త పెట్రోలు క్యాను కాస్త తరిగి ఉంది. మామ చక్కగా కలిపాడు. కలిపి కింద పెట్టి, నింపేటప్పుడు రెండోది ఎత్తాడు. ఆయన కంటికి రెండూ ఒకటే.

అంటే నూనె తప్పు కాదు. సబ్బుబిళ్ళ తప్పు కాదు.

సరే. నాకు తెలిస్తే తెలిసింది. ఎవరికి తెలియాలి? మసిబట్టతో వేళ్ళు తుడుచుకుంటున్నాను. అప్పుడు వాడొచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. ట్యాంకులో వేలు పెట్టి, రుద్దాడు. రుద్ది, వేళ్ళు చూసుకుని, క్యానుల వైపు చూశాడు. తరవాత మామ వైపు చూశాడు. మామ దూరంగా కళ్ళద్దాలు చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. తుడుస్తే పోయే మసక కాదది.

వాడికీ తెలిసింది. ఇంక అరుస్తాడు, న్యాయం అడుగుతాడు, ముసలాణ్ణి మేనేజరు ముందు నిలబెట్టేస్తాడు అనుకున్నాను. అరవాలని కోరుకున్నాను కూడా. ఒక్కసారైనా వాడు నాలాగా ప్రవర్తిస్తే ఎంత బాగుండేది!

వాడు లేచి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, "తప్పు నాదే మామయ్యా. అంత తక్కువ నూనె పోయమని నేనే చెప్పాను. అన్నయ్య మాట వినాల్సింది" అన్నాడు.

నా ఒళ్ళు భగ్గుమంది.

చూశారా వాడి తెలివి? పోనీ, తెలివి కాదు, మంచితనమే అనుకుందాం. అది ఇంకా ఘోరం. రేపు మామ కంటికి చికిత్స అవుతుంది, చూపొస్తుంది, ఈ సంగతి ఎప్పుడో బయటపడుతుంది. అప్పుడు తన కోసం నింద మోశాడని మామ వాణ్ణి నెత్తిన పెట్టుకుంటాడు. అన్నీ తెలిసి నోరు మూసుకుని ముఠా పుచ్చుకున్నవాణ్ణి నేనవుతాను. రంపం వాడిదే, చదువు వాడిదే, మొదటి లాగుడు వాడిదే. ఆఖరికి నింద కూడా వాడే కొట్టేస్తాడా? వాడు దానం చేసిన ముఠా నాకెందుకు?

"ఆగవయ్యా!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే మేనేజరు టీ ఒలికింది. "నీ నూనెకేం రోగం? అది బంగారంలాంటి నూనె. పొద్దున క్యానులు అటూ ఇటూ మార్చి పెట్టింది నేను. మామయ్య చెయ్యి అలవాటున రెండోదాని మీదికి పోయింది. తప్పు నాది."

"కాదన్నయ్యా, నూనె..."

"నోరుముయ్. నూనె గురించి నువ్వు నాకు చెప్పేదేంటి?"

"నేనే కదా తెచ్చింది..."

"తెస్తే తెచ్చావు. ఇది నా తప్పు. దీని జోలికి రాకు!"

మేనేజరు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఎక్కడైనా తప్పు నాది కాదని కొట్టుకుంటారు. ఇదేం తద్దినమండీ?" అన్నాడు.

మామ కళ్ళద్దాలు జేబులో పెట్టుకుని మెల్లగా క్యానుల దగ్గరికి నడిచాడు. ఒకదాంట్లో వేలు ముంచి రుద్దాడు. రెండోదాంట్లో ముంచి రుద్దాడు. అలాగే వేళ్ళు రుద్దుకుంటూ కాసేపు నిలబడ్డాడు, జిడ్డు ఇంకెక్కణ్ణుంచైనా వస్తుందేమోనన్నట్టు. తరవాత పడిన చెట్టు మీద కూర్చుని మా ఇద్దర్నీ రమ్మని చెయ్యి ఊపాడు.

"పెద్దల్లుడూ, నీకు అబద్ధం చెప్పడం రాదు. పొద్దున నువ్వు క్యానుల దగ్గరికే రాలేదు."

నేను చేతిలో మసిబట్ట మడతపెట్టాను.

"రోజూ వచ్చేవాడివి. నేనటు తిరగ్గానే వేలు ముంచేవాడివి. ఇవాళ రాలేదు. నా కన్ను పోతోంది గానీ, వీపు పోలేదయ్యా. వెనకాల ఎవడేం చేస్తున్నాడో దానికి తెలుస్తుంది."

సబ్బుబిళ్ళ నా వైపు చూశాడు. ఈ సంగతి వాడికి కొత్త. గోడకి అటువైపు సున్నం ఒకరు చూశారు, ఇప్పుడు ఇంకొకరు చూస్తున్నారు. నాకు ఎటు చూడాలో తెలియలేదు. మామే మళ్ళీ అందుకున్నాడు.

"మీ ఆవిడతో చెప్పు, డాక్టరు దగ్గరికి వస్తానని. అది సరే. రంపం మాట. ఇందాక కోపంలో అన్నది కోపంతోనే పోయింది. పెద్ద రంపం చిన్నల్లుడిది. ముఠా వాడిది."

"అదేంటి మామయ్యా? తప్పు మీదేసుకుంది నేను కూడా కదా!" సిగ్గు విడిచి అడిగేశాను.

"వాడు మీదేసుకుంది నా కోసం. నువ్వు మీదేసుకుంది వాడి మీద కుళ్ళుతో."

మేనేజరు నవ్వాపుకోలేక గోదాములోకి పోయాడు.

"మామయ్యా, నేను..." అన్నాను.

"కుళ్ళుతో చేసినా మంచే చేశావులే. అందుకే క్యాను నీకిస్తున్నా. ఇంక నుంచి కలిపేది నువ్వే. నువ్వు కలిపి ఇచ్చాకే ఈ ముఠాలో ఏ రంపమైనా పలకాలి. వాడిదైనా సరే." లేవబోతూ, "ఆ చెయ్యి నాకివ్వు, లేస్తాను" అన్నాడు.

ఇద్దరం చెయ్యి చాపాం. ఆయన నాది పట్టుకున్నాడు. దగ్గరగా ఉందని పట్టుకున్నాడేమో. నేనేమీ అనుకోదలచుకోలేదు.

పెద్ద రంపానికి కొత్త సిలిండరు, పిస్టన్ వేశాం. విప్పిందీ బిగించిందీ నేనే. కలిపే పని కూడా ఇప్పుడు నాదే. లీటరుకి రెండు మూతల నీలినూనె. మూడో మూత పొయ్యాలని ఇప్పటికీ చెయ్యి లాగుతుంది, పొయ్యను. ఉత్త పెట్రోలు క్యానుకి ఎర్ర గుడ్డ చుట్టాను. అయినా నింపేముందు ప్రతిసారీ వేళ్ళు రుద్ది చూస్తాను. మామ పక్కన కుర్చీలో కూర్చుని, ఆపరేషనయిన కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని, "జిడ్డుందా?" అంటాడు. "ఉంది" అంటాను.

మొన్న కొత్త చోట పని మొదలైంది. ఒకే క్యానులోంచి వాడి రంపం నింపాను, నా రంపం నింపాను. అదే పెట్రోలు, అదే నూనె, అవే నా చేతులు. వాడిది మొదటి లాగుడుకే పలికింది. నాది లాగాను, లాగాను, లాగాను.

"అన్నయ్యా, చోకు..." అని వాడు అటు నుంచి కేకేశాడు.

వినబడనట్టు ఇంకోసారి లాగాను. వాడు అటు తిరిగి చెట్టు చాటుకి వెళ్ళేదాకా ఆగాను. అప్పుడు చోకు తీసి లాగాను.

పలికింది.

ఈ సంగతి వాడికి చెప్పను.